స్టార్ ట్రెక్ నవలలు కొంటున్నారా? ఆ నాలుగున్నర స్టార్లు మీ చేతికొచ్చే పుస్తకానివి కాకపోవచ్చు, జాగ్రత్త

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష కథల టీవీ సీరియళ్ళ మీద వచ్చిన నవలలు రివ్యూలు చూసి ఆర్డర్ పెట్టేవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఈ పుస్తకాల విషయంలో వినిపించే గోల ఎక్కువగా ఒకటే: "అందరూ బాగుందన్నారు, మాకొచ్చింది వేరే ఏదో." రివ్యూ రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళు చదివింది ఒకటి, మన గుమ్మంలోకి వచ్చింది ఇంకొకటి. పేరు అదే, అట్ట మీద బొమ్మా అదే. అందుకే పార్సిల్ విప్పేదాకా తెలియదు.

మొదట ఆడియో సంగతి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. క్యాసెట్ల కాలంలో ఈ నవలల ఆడియోలు చాలావరకు సంక్షిప్తంగానే తీశారు. గంటన్నర, మహా అయితే మూడు గంటలు. పీటర్ డేవిడ్ 1992లో రాసిన 'ఇమ్‌జాడి' అలాంటిదే. నెక్స్ట్ జెనరేషన్ సీరియల్‌లో రైకర్ వేషం వేసిన జోనథన్ ఫ్రేక్సే చదివారు కాబట్టి వినడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ అది నవల మొత్తం కాదు. మూడొందల పేజీలు దాటిన నవలను పూర్తిగా చదివితే పది గంటలదాకా పడుతుంది. అమ్మకపు పేజీల్లో పేపర్‌బ్యాక్, ఈబుక్, ఆడియో మూడింటి రివ్యూలనీ ఒకే కుప్పగా పోస్తారు. పుస్తకం చదివి మురిసిపోయినవాళ్ళ ఐదు స్టార్లు ఈ కోసేసిన ఆడియో నెత్తిన కూడా వెలుగుతుంటాయి. కొనేముందు నిడివి చూడండి. రెండు మూడు గంటలే ఉంటే, ఆ మాట పేజీలో ఎక్కడా రాయకపోయినా, అది కోతే. అలాగే రివ్యూ పక్కన ఏ రూపం కొన్నారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని బట్టి వేరుచేసి చదివితే లెక్క మారిపోతుంది.

ఇక అసలు ముదురు వ్యవహారం 'కిల్లింగ్ టైమ్'. డెల్లా వాన్ హైజ్ నవల, అమెరికా ప్రచురణ సంస్థ పాకెట్ బుక్స్ 1985లో వేసింది, మొదటి సీరియల్ వరుసలో 24వ నంబరు. ఆ సీరియల్‌లో కెప్టెన్ కిర్క్, అతని సహచరుడు స్పాక్‌ల సాన్నిహిత్యాన్ని రాసిన తీరు మీద అభ్యంతరం వచ్చి, తీసేయాల్సిన భాగాలు ఉండగానే మొదటి ముద్రణ అచ్చయిపోయింది. దాన్ని వెనక్కి పిలిపించి, చాలాచోట్ల మార్చి మళ్ళీ వేశారు. వెనక్కి రాని కాపీలే ఇప్పుడు సేకరించేవాళ్ళకి కావాలి, ధరలో తేడా కూడా వాటి వల్లే. మోసానికి దారి ఇక్కడే దొరుకుతుంది. "మొదటి ముద్రణ, అరుదైనది" అని రాసి, నెట్‌లో దొరికిన అట్ట ఫొటో పెట్టి, సవరించిన కాపీ పంపేస్తారు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మొదటి ముద్రణలో అట్ట మీది పేరు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి, వేలితో తడిమితే తగులుతాయి. సవరించినదాంట్లో అట్ట నున్నగా, చదునుగా ఉంటుంది. ఎదురుగా తీసిన ఫొటోలో ఈ తేడా బొత్తిగా కనిపించదు. కాబట్టి అమ్మేవాణ్ణి ఒకే ఫొటో అడగండి: పుస్తకాన్ని కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా, ఏటవాలుగా తీసినది. అక్షరం అంచున సన్నటి నీడ పడితే ఉబ్బెత్తు అన్నట్టు. అంతమాత్రం ఫొటో తీసిపెట్టడానికి నసిగేవాడి దగ్గర ఆ ధరకి కొనకండి. మామూలుగా చదువుకోడానికి కావాలంటే సవరించిన కాపీకి వచ్చిన లోటేమీ లేదు, కథ అదే. దానికి అరుదైన పుస్తకం ధర కట్టొద్దనే ఈ గోలంతా.

నంబర్లను నమ్మి కొనడం కూడా ఇబ్బందే. ఒక్కో సీరియల్‌కి ఒక్కో వరుస నడిచింది కాబట్టి, 24 అంటే కిర్క్ వరుసలోనూ ఉంది, పికార్డ్ కెప్టెన్‌గా ఉన్న నెక్స్ట్ జెనరేషన్ వరుసలోనూ ఉంది. దీనికితోడు బ్రిటన్‌లో టైటన్ బుక్స్ వేసిన కాపీల మీది అంకెలు పాకెట్ బుక్స్ అంకెలతో కలవవు. వరుసలో తప్పిపోయిన ఒక్క నంబరు కోసం ఆర్డర్ పెడితే, ఇంట్లో ఉన్న పుస్తకమే ఇంకో అట్టతో రావచ్చు. నంబరు వదిలేసి నవల పేరు, రచయిత పేరు, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) మూడూ సరిపోల్చుకోండి. పాత పాకెట్ బుక్స్ కాపీల ఐఎస్‌బీఎన్ 0-671తో మొదలవుతుంది.

1996లో వచ్చిన 'ఇన్వేజన్' అయితే మరీ తికమక. ఒకే కథకి నాలుగు పుస్తకాలు, నాలుగు వేర్వేరు సీరియళ్ళు, వాటి వాటి వరుసల్లో నంబర్లు: మొదటి సీరియల్‌లో 79, నెక్స్ట్ జెనరేషన్‌లో 41, డీప్ స్పేస్ నైన్‌లో 16, వాయేజర్‌లో 9. వాయేజర్ అభిమానులు ఆ 9వ నంబరు ఒక్కటే కొనుక్కుని "తలా తోకా లేదు" అని ఒక స్టార్ ఇస్తారు. నాలుగో భాగం ముందు చదివితే తల ఎక్కణ్ణుంచి వస్తుంది? 2001లో వచ్చిన ఎస్.డి. పెర్రీ 'అవతార్' కూడా (మాట మన అవతారమే, రాసింది మాత్రం డీప్ స్పేస్ నైన్ సీరియల్ అయిపోయాక జరిగే కథ) రెండు భాగాలు. ఒకటో భాగం ఒక్కటే అమ్మే పేజీలో ఆ సంగతి గట్టిగా చెప్పరు. డేవిడ్ మాక్ 'డెస్టినీ' మూడు పుస్తకాలు 2008లో విడివిడిగా వచ్చాయి, తర్వాత 2012లో ఒకే సంపుటంగా కూడా వచ్చాయి. విడివి రెండు కొన్నాక సంపుటం కొంటే రెండింటి డబ్బు దండగ.

ఇప్పుడు రివ్యూలు చదివే పద్ధతి. డయాన్ కేరీ 'ఘోస్ట్ షిప్' 1988లో వచ్చింది, నెక్స్ట్ జెనరేషన్ వరుసలో ఒకటో నంబరు. సీరియల్ 1987 సెప్టెంబరులో మొదలైంది. పాత్రలు తెరమీద ఎలా నిలబడతాయో తెలియకముందు, నిర్మాతలు ఇచ్చిన పరిచయ కాగితాలు చూసి రాసిన నవల అది. అందుకే అందులో రైకర్ డేటా అనే మరమనిషి పాత్రని చూసే తీరు మనకి ఎబ్బెట్టుగా ఉంటుంది. "రచయిత్రికి సీరియలే తెలియదు" అని తిట్టిన రివ్యూలన్నీ ఈ తేదీల తేడా పట్టించుకోనివి. తొలి సీజన్ నడుస్తున్నప్పుడు రాసిన ఏ నవలకైనా ఇదే గతి. పాత్రలు అచ్చం తెరమీద ఉన్నట్టే కావాలంటే సీరియల్ రెండు మూడేళ్ళు నడిచాక వచ్చినవే ఎంచుకోండి.

'కోడా' విషయం దీనికి తిరగేసినట్టు. 2021లో మూడు నవలలు, డేటన్ వార్డ్, జేమ్స్ స్వాలో, డేవిడ్ మాక్ తలా ఒకటి రాశారు. 2020లో 'పికార్డ్' సీరియల్ మొదలయ్యాక అంతకుముందు ఇరవై ఏళ్ళ నవలల్లో నడిచిన కథ తెరమీది కథతో కలవకుండా పోయింది. ఆ నవలల కథకి ముగింపు పలకడానికి వేసిన పుస్తకాలివి. వాటికి ఒక స్టార్ ఇచ్చినవాళ్ళలో చాలామందికి కోపం రచన మీద కాదు, ముగింపు మీద. ఐదు ఇచ్చినవాళ్ళు అంతకుముందు డజన్ల కొద్దీ నవలలు చదివినవాళ్ళు. 'పికార్డ్' చూసిన ఊపులో కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ రెండు తీర్పులూ పనికిరావు. ఇంతకన్నా చెప్తే కథ చెప్పేసినట్టే. మీరు కొత్తవాళ్ళయితే మూడు స్టార్ల రివ్యూలు తిరగేయండి. ముందు ఏం చదివి ఉండాలో రాసేది సాధారణంగా వాళ్ళే. "పార్సిల్ నలిగింది", "లేటుగా వచ్చింది" అని ఇచ్చిన స్టార్లని లెక్కలోంచి తీసేయండి.

ఇంకో రకం సరుకుంది, దాన్ని నవల అనడానికే లేదు. పేరులో 'స్టార్ ట్రెక్ నవలలు' లాంటి మాటలు నాలుగైదు గుచ్చి, రచయిత చోట సంపాదకుడని రాసి, ఉచితంగా దొరికే విజ్ఞాన సర్వస్వం వ్యాసాలనే కుట్టి అమ్ముతారు. ధర మాత్రం అసలు నవలకి రెండింతలో మూడింతలో. కాపీరైట్ పేజీ ఫొటో అడగండి. అసలు నవలైతే హక్కుల వాక్యం ఉంటుంది. పాతవాటిలో పారామౌంట్ పిక్చర్స్ పేరు, 2006 తర్వాతివాటిలో సీబీఎస్ స్టూడియోస్ పేరు కనిపించాలి. అదే పేజీలో 10 నుంచి 1 దాకా అంకెల వరుస వేసి, ముద్రణ మారినప్పుడల్లా చిన్న అంకె తీసేస్తారు; మిగిలినవాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఎన్నో ముద్రణో చెప్తుంది. 1 లేదంటే మొదటి ముద్రణ కాదు.

హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికేవాళ్ళకి ఒక మాట. ముందట్ట లేని పేపర్‌బ్యాక్ దొరికితే బైండింగ్ దగ్గర చూడండి. వాడి వాడి ఊడిన అట్ట వేరు, సాఫీగా చించిన అట్ట వేరు. అమెరికాలో అమ్ముడుపోని ఈ సైజు పుస్తకాల అట్టలు చించి ప్రచురణకర్తకి పంపి డబ్బు వాపసు తీసుకుంటారు, మిగిలిన పుస్తకాన్ని నాశనం చెయ్యాలి. అట్ట లేకుండా అమ్మితే దొంగసొత్తే అని లోపలి పేజీలో అచ్చువేసి మరీ ఉంటుంది. అట్ట ఉన్నవాటికి కూడా నడిమి పేజీ దగ్గర మెల్లగా తెరిచి చూడండి. ఇవి కుట్టినవి కావు, జిగురుతో అంటించినవి. ముప్ఫై ఏళ్ళకి జిగురు గాజులా ఎండిపోయి చిటుక్కుమంటుంది, పదిహేను ఇరవై పేజీలు ఒకేసారి కట్టగా చేతిలోకొస్తాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు "గుడ్ కండిషన్" అన్న మాట చాలదు, మధ్యకి తెరిచిన పుస్తకం ఫొటో, చివరి పేజీ ఫొటో రెండూ తెప్పించుకోండి.