స్టాట్స్ పరీక్షకు రెడీ అయ్యామా? నోట్సు, మాక్ టెస్టు, తెల్లకాగితం: ఏది నమ్మాలి?

పరీక్షలు ఇంకో రెండు వారాలున్నాయనగా మా ఇంటికి వచ్చే డిగ్రీ పిల్లలు అడిగేది ఇదే: "సార్, నేను రెడీ అయినట్టేనా?" హనుమకొండ నయీంనగర్‌లో సాయంత్రాలు స్టాటిస్టిక్స్ చెప్తుంటాను. ఆ మాట నేను చెప్తే చెల్లదు, ఎవరికి వాళ్లు కొలుచుకోవాలి. కొలవడానికి పిల్లలు వాడేవి మూడు దారులు. నోట్సు తిరగేసి అంతా వచ్చేసిందనుకోవడం ఒకటి, టైము పెట్టుకుని మాక్ టెస్టు రాయడం రెండోది, పుస్తకం మూసి తెల్లకాగితం మీద లెక్క చేయడం మూడోది.

ఎక్కువ మంది నమ్మేది నోట్సునే. ఒకరోజు ఫైనలియర్ అమ్మాయి ఒకామె లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు తెరిచింది. ఎర్ర పెన్నుతో హెడ్డింగులు, ఫార్ములాల చుట్టూ స్కేలుతో గీసిన డబ్బాలు. ముచ్చటేసేలా ఉంది. పదిమంది పేషెంట్లకు మందు వేయకముందు బీపీ ఎంత, వేశాక ఎంత, తేడా నిజంగా ఉందా అనే లెక్క అందులో చేసి ఉంది. "ఇది వచ్చు సార్" అంది. నోట్‌బుక్ మూసి, అంకెలు మార్చి అదే లెక్క ఇచ్చాను. ఆ అమ్మాయి ముందువాళ్లు, తర్వాతివాళ్లు వేర్వేరు మనుషులన్నట్టు రెండు సగటులు తీసింది, రెండు విస్తృతులూ (వేరియన్స్) కలిపింది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (టేబుల్‌లో ఏ వరుస చూడాలో చెప్పే అంకె) 18 అని రాసి, టేబుల్‌లో 5 శాతం దగ్గర 2.101 చూసుకుంది. కూడికల్లో, వర్గాల్లో ఒక్క పొరపాటు లేదు. కానీ మందుకు ముందూ తర్వాతా ఉన్నది ఆ పదిమందే కదా! ఒక్కొక్కరి తేడా తీసి పెయిర్డ్ టి-టెస్ట్ చేయాలి. అప్పుడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ పదిలో ఒకటి తీసేస్తే 9, టేబుల్ విలువ 2.262.

"నోట్సులో కరెక్టుగనే చేసిన కదా సార్" అంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే. అవునమ్మా, నోట్సులో పైన "పెయిర్డ్ టి-టెస్ట్" అని హెడ్డింగ్ ఉంది. పరీక్ష పేపర్లో ఆ హెడ్డింగ్ ఉండదు. స్టాట్స్‌లో సగం కష్టం ఏ టెస్టు వాడాలో పట్టుకోవడంలోనే ఉంది, ఆ సగాన్ని నోట్సు మన తరఫున ముందే చేసిపెట్టేస్తుంది.

దీన్ని అమెరికాలో రోరర్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూశారు. 2007లో అచ్చయిన వాళ్ల ప్రయోగంలో కాలేజీ పిల్లలకు ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలిచ్చారు. ఒక రకం లెక్కలన్నీ అయ్యాకే ఇంకో రకానికి వెళ్లినవాళ్లకు ప్రాక్టీసులో 89 శాతం వచ్చింది, అన్ని రకాలూ కలిపి చేసినవాళ్లకు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63. ప్రాక్టీసులో ఇబ్బంది పడ్డవాళ్లే పరీక్షలో నిలబడ్డారు. అందుకే "చాప్టర్ మొత్తం ఈజీగా అయిపోయింది" అని ఎవరైనా అంటే నాకు భయం వేస్తుంది.

మాక్ టెస్టు దీనికంటే చాలా నయం. పీజీ సీట్ల కోసం రాసే సీపీగెట్‌లో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 54 సెకన్లు. ఏ ప్రశ్న దగ్గర ఆగాలో, దేన్ని వదిలేసి ముందుకు పోవాలో గడియారం పెట్టుకుని రాస్తేనే తెలుస్తుంది. తెల్లకాగితం ఆ పని చేయలేదు.

కానీ ఒక్క మాక్‌లో వచ్చిన మార్కును పట్టుకుని ఎగిరిపడొద్దు, ఏడవొద్దు. స్టాట్స్ చదివేవాళ్లకు ఇది వేరే చెప్పాలా? ఒక్కో ప్రశ్న కరెక్టు చేసే సంభావ్యత మీకు 0.6 అనుకోండి. 100 ప్రశ్నలకు సగటు 60, ఆ సగటు చుట్టూ మార్కు ఎంత ఊగుతుందో చెప్పే ప్రామాణిక విచలనం 100 × 0.6 × 0.4కు వర్గమూలం, దాదాపు 4.9. అంటే ఒక్క అక్షరం కొత్తగా చదవకుండానే ఈ ఆదివారం 52, వచ్చే ఆదివారం 67 రావచ్చు. నాలుగు మాక్‌లు రాసి సగటు తీస్తే ఆ ఊగిసలాట సగానికి తగ్గుతుంది. నాలుగూ వేర్వేరు పేపర్లై ఉండాలి. రాసిన పేపరే మళ్లీ రాస్తే అది జ్ఞాపకశక్తికి పరీక్ష అవుతుంది.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఒకే కుండ, ఒకే ఎసరు, ఒకే మంట కాబట్టి అక్కడ చాలు. సిలబస్ ఒక కుండ కాదు. సంభావ్యత బాగా ఉడికి, ఎస్టిమేషన్ పలుకుమీద ఉండొచ్చు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తాలాగా అనుకోండి, పైన చూసిన మచ్చు అడుగున ఏముందో చెప్పదు. అందుకని యూనిట్ల వారీగా మార్కులు విడదీసి చూడాలి.

మాక్ రాసేటప్పుడే ఇంకో పని చేయమంటాను. ప్రతి జవాబు పక్కన "ఖాయం", "డౌటు", "గుడ్డి" అని మూడింట్లో ఒకటి రాసుకోండి. ఉదాహరణకు 62 మార్కులు వచ్చాయనుకుందాం. ఖాయం అన్న 44లో 40 కరెక్టు, డౌటన్న 30లో 14, గుడ్డిగా పెట్టిన 26లో 8. చేతిలో నిజంగా ఉన్నవి ఆ 40. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే నాలుగో వంతు ఎలాగూ తగులుతాయి కాబట్టి ఆ 8 మన చదువు లెక్కలోకి రావు. అన్నిటికంటే విలువైనవి ఖాయం అనుకుని తప్పు చేసిన ఆ నాలుగు. డౌటున్నదాన్ని ఎలాగూ మళ్లీ చదువుతాం. ఖాయం అనుకున్నదాని జోలికి మళ్లీ పోం, అది అట్లాగే పరీక్ష హాలుకు వెళ్తుంది.

ఇక తెల్లకాగితం. సెమిస్టర్ పరీక్షల్లాగా పేజీలకు పేజీలు రాసేవాటికి దీన్ని మించింది లేదు. ద్విపద (బైనామియల్) విభాజనం నుంచి పాయిసాన్ విభాజనం ఎట్లా వస్తుందో పుస్తకం చూడకుండా మొదటి లైను నుంచి చివరి లైను దాకా రాయగలిగితే వచ్చినట్టు, మధ్యలో పెన్ను ఆగితే రానట్టు. ఎమ్మెస్సీ వాళ్లయితే, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు అసమానత రాసి చూసుకోండి. ఆ రావు గారు మన తెలుగువారు, సి.ఆర్.రావు. 1945లో ఆ ఫలితం ప్రకటించేనాటికి ఆయనకు అటూఇటుగా పాతికేళ్లు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒంట్లో ఒక ఊపు వస్తుంది, పిల్లలకూ రావాలని కోరిక.

మూడింట్లో ఒక్కటే చెప్పమంటే నేను తెల్లకాగితాన్నే చెప్తాను. ఎన్ని మార్కులొస్తాయో మాక్ చెప్తుంది, పెన్ను సరిగ్గా ఎక్కడ ఆగిపోతుందో తెల్లకాగితం చూపిస్తుంది. సీపీగెట్, గేట్ రాసేవాళ్లు వారానికొక మాక్ కలుపుకోవాలి. నోట్సు చదవండి, కానీ రెడీ అయ్యామా లేదా అని దాన్ని అడక్కండి. ఇది భయపడే పిల్లల కోసం కూడా చెప్తున్నాను. బాగా వచ్చి కూడా రాదనుకుని "వచ్చే ఏడు రాస్తాను సార్" అనేవాళ్లను చూశాను. నాలుగు మాక్‌ల సగటు చేతిలో ఉంటే ఆ టెన్షన్‌కు ఏదో ఒక అంకె ఎదురు చెప్తుంది.

ఆ అమ్మాయికి నేను చెప్పింది చిన్న పని. అన్ని యూనిట్ల నుంచి ఒక్కో లెక్క చీటీ మీద రాసి, హెడ్డింగ్ లేకుండా, ఖాళీ స్టీలు డబ్బాలో వేయమన్నాను. రోజూ పొద్దున మూడు చీటీలు తీయాలి. కాలిక్యులేటర్ ముట్టుకోకముందే ఏ టెస్టో, ఎందుకో ఒక్క లైను రాయాలి. రెండో వారం నా ముందే డబ్బా ఊపి ఒక చీటీ తీసింది. ఎనిమిది మంది పిల్లలు, కోచింగ్‌కు ముందు మార్కులు, తర్వాత మార్కులు. కాసేపు చీటీనే చూసింది. "వీళ్లు వాళ్లే కదా సార్" అని, కాగితం మీద ముందుగా 7 వేసింది.