లారీ హెడ్ బిగింపుకు అరంగుళం టార్క్ రెంచ్: కొనొచ్చు, ఇదొక్కటే చాలదు

బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచ్ ఇది. 28 నుంచి 210 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు బలం కొలత) దాకా ఉంటుంది, పెట్టిన కొలత రాగానే క్లిక్‌మంటుంది. హెడ్ (సిలిండర్లపై మూతలా ఉండే ఇంజన్ భాగం) సొంతంగా దించి ఎక్కించుకునే లారీవాళ్లకు పనికొస్తుందా? పనికొస్తుంది. కానీ అమ్మేవాళ్లు చెప్పని సంగతులున్నాయి.

పన్నెండు వాల్వుల 5.9 లీటర్ల కమిన్స్ 6బీటీ డీజిల్ ఇంజన్‌నే తీసుకోండి. ఆరు సిలిండర్లకూ కలిపి ఒకటే హెడ్, 26 బోల్టులు. మాన్యువల్‌లోని వరస ప్రకారం నడిమి నుంచి మొదలుపెట్టి అన్నీ 90 ఎన్‌ఎంకి బిగించి, అదే వరసలో మళ్లీ సరిచూడాలి. తర్వాత పొడుగు బోల్టులు మాత్రం 120 ఎన్‌ఎంకి. ఇంతవరకూ ఈ రెంచ్ భేషుగ్గా పనిచేస్తుంది. పక్కన చెరువులో ఏరేటర్లు మోగుతున్నా క్లిక్ చేతికి తెలుస్తుంది. ఆఖర్న ప్రతి బోల్టూ ఇంకో 90 డిగ్రీలు తిరగాలి. అక్కడ లెక్క కోణానిది కాబట్టి రెంచ్ పక్కనపెట్టి, బోల్టు తల మీద పెయింటు గుర్తు పెట్టి, మామూలు పొడుగు హ్యాండిల్‌తో తిప్పండి. దీంతోనే తిప్పితే దీని కొలత చెడిపోవచ్చు.

అసలు చిరాకు రాకర్ల (వాల్వుల్ని నొక్కి తెరిచే చేతుల) దగ్గర. ఆ చిన్న 8 ఎంఎం బోల్టులకు కావాల్సింది 24 ఎన్‌ఎం, ఇది మొదలయ్యేదే 28 దగ్గర. పైగా ఇలాంటి రెంచ్‌ని గరిష్ఠంలో ఐదో వంతు కంటే కింద, అంటే సుమారు 42 లోపు, నమ్మకూడదు. చిన్న రెంచ్ ఇంకొకటి కొనక తప్పదు. అందుకే ఒక నక్షత్రం కోత.

"కొలత ప్రకారమే బిగించాం, అయినా గ్యాస్కెట్ మళ్లీ పోయింది" (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య వేసే సీలు అది) అనే మాటకు చాలాసార్లు కారణం బోల్టు మరలే. భీమవరం, నరసాపురం వైపు ఉప్పు బోరు నీళ్లు రేడియేటర్లో పోస్తే నీటి దారులు తుప్పుపడతాయి, గ్యాస్కెట్ అంచులు తినేస్తాయి. తుప్పు మరల్లోకి చేరితే రాపిడే బలాన్ని మింగేస్తుంది. రెంచ్ క్లిక్‌మంటుంది, బోల్టు మాత్రం సాగదు, హెడ్ నొక్కుకోదు. బ్లాకులోని బోల్టు గుంతల్లో నీళ్లో ఆయిలో నిలిచినా కొలత అబద్ధమవుతుంది, బ్లాకు పగిలే ప్రమాదమూ ఉంది. కాబట్టి గుంతలు గాలితో ఊది పూర్తిగా ఆరబెట్టండి. మరలు వైరు బ్రష్‌తో రుద్ది, మరలకూ తల కిందా ఇంజన్ ఆయిల్ పల్చగా రాయండి. మెడ దగ్గర తుప్పు గుంటలు పడ్డ బోల్టు మళ్లీ వాడొద్దు. హెడ్ వంగిందేమో స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే డబ్బు దండగే. అంతా అయ్యాక కాలువ నీళ్లు, బోరు నీళ్లు వద్దు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి.

టాపెట్లు (రాకరుకీ వాల్వుకీ మధ్య సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి: ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.51 ఎంఎం.

బిగుసుకున్న బోల్టు విప్పడానికి ఈ రెంచ్‌ని ఎప్పుడూ వాడొద్దు. పనయ్యాక 28కి తగ్గించి తుడిచి పెట్టెలో పెట్టండి. రొయ్యల లోడు లారీ టూల్ బాక్సులో ఉప్పు నీళ్లు కారతాయి, అందులో మాత్రం ఉంచకండి. ఏడాదికోసారి కాలిబ్రేషన్ (కొలత సరిగా ఉందో లేదో పరీక్ష) చేయించండి.