గ్రేట్ అలెగేనీ పాసేజ్: ఆరేళ్ళు తొక్కిన తరువాత

అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్‌లాండ్ దాకా 150 మైళ్ళు, అంటే దాదాపు 240 కిలోమీటర్లు సాగే ఈ సైకిల్ బాటను నేను ఆరేళ్ళుగా తొక్కుతున్నాను. మొత్తం దూరాన్ని ఒకే ప్రయాణంగా మూడుసార్లు పూర్తి చేశాను. కానెల్స్‌విల్ నుంచి కాన్‌ఫ్లుయెన్స్ వరకు ఉన్న భాగాన్ని మాత్రం ఎన్నిసార్లు తొక్కానో లెక్క పెట్టుకోలేదు. ఒకసారి వెళ్ళి వచ్చినవారు ఫొటోలతో పాటు పొగడ్తలే రాస్తారు. ఎండలోనూ వానలోనూ మంచు కరిగే రోజుల్లోనూ తొక్కిన తరువాతే దీని గుణదోషాలు విడివిడిగా తెలిశాయి.

ఇది పాత రైలు మార్గం. పట్టాలు తీసేసిన కట్ట మీద సున్నపురాయి పొడిని పరచి, రోలర్‌తో అణచి, బాటగా మార్చారు. ఒహాయోపైల్ దగ్గర మొదటి ముక్క 1986లో తెరుచుకోగా, చివరి ముక్క పూర్తయి నగరం నుంచి నగరానికి బాట కలిసేసరికి 2013 వచ్చింది. రైలు కోసం వేసిన కట్ట కావడం వల్ల ఎక్కడా నిట్టనిలువు ఎక్కుడు ఉండదు. వాలు ఎక్కువగా ఉండే కంబర్‌లాండ్ వైపున కూడా అది రెండు శాతానికి లోపే. పిట్స్‌బర్గ్ వైపు నుంచి వస్తే చాలా దూరం వరకు ఎక్కుతున్నామన్న సంగతే తెలియదు.

ఈ చదునునే అందరూ మెచ్చుకుంటారు. నన్ను బాగా అలసిపోయేలా చేసింది కూడా ఇదే. మామూలు కొండ దారిలో ఎక్కిన ప్రతి ఎత్తుకూ ఒక దిగుడు దొరుకుతుంది, ఆ కాసేపు కాళ్ళకూ వీపుకూ విశ్రాంతి ఉంటుంది. ఇక్కడ పెడల్ ఆపితే సైకిల్ కొద్ది దూరంలోనే నెమ్మదిస్తుంది, అందువల్ల ఒకే కండరాలు ఒకే భంగిమలో గంటల తరబడి పనిచేయవలసి వస్తుంది. మొదటి పూర్తి ప్రయాణంలో రెండో రోజు మధ్యాహ్నానికి నా అరచేతులు తిమ్మిరెక్కి, గేరు మార్చడానికి కూడా వేళ్ళు వంగలేదు. ఆ తరువాత సీటును కొద్దిగా దించి, హ్యాండిల్‌కు మందపాటి పట్టీ చుట్టి, అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి అరగంటకూ దిగి నాలుగడుగులు నడవడం అలవాటు చేసుకున్నాను.

బాట పైపొర గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఎండిన రోజుల్లో అది బాగా దిమ్మిస కొట్టిన నేలలా గట్టిగా ఉంటుంది. సన్న టైర్లయినా సాగిపోతాయి. మంచి వాన పడిన మర్నాడు అదే పొడి బూడిదరంగు ముద్దగా మారి టైరును పట్టి లాగుతుంది, చైన్‌లోకి చేరి ఎండాక కిరకిరలాడుతుంది. రాక్‌వుడ్ దగ్గర ఒక వాన రోజు తరువాత చైన్‌ను కడగకుండా పడుకున్నందుకు, మర్నాడంతా ఆ చప్పుడు వింటూ తొక్కాను. మార్చి నెలాఖరులో గడ్డకట్టిన నేల కరిగేటప్పుడు పైకి పొడిగా కనిపిస్తూనే లోపల మెత్తగా ఉంటుంది, చక్రం దిగబడి చాలు పడుతుంది. అలాంటి రోజుల్లో తొక్కకపోవడమే బాటకు మనం చేసే మేలు. మొదటి ఏడాది 28 మిల్లీమీటర్ల టైర్లతో తిరిగాను. ఇప్పుడు 40 మిల్లీమీటర్లవి వేసి, గాలి కాస్త తగ్గించి పెడుతున్నాను, ఒంటికి తగిలే అదురు సగానికి తగ్గినట్టే అనిపిస్తోంది. దీనికోసం కంకర దారులకని చేసిన ఖరీదైన గ్రావెల్ సైకిల్ కొనాలని మాత్రం నేను అనను. నాతో రెండుసార్లు వచ్చిన మిత్రుడు తన పాత హైబ్రిడ్ సైకిల్ మీదే నాకన్నా ముందు చేరాడు.

పిట్స్‌బర్గ్ నుంచి మెకీస్‌పోర్ట్ వరకు ఉన్న మొదటి భాగం నాకు అంతగా నచ్చదు. అక్కడ చాలా చోట్ల తారు బాట, పక్కన మొనాంగహేలా నది, పాత ఉక్కు కర్మాగారాల ఆనవాళ్ళు ఉంటాయి. హోమ్‌స్టెడ్‌లో 1892 నాటి కార్మిక సమ్మె జరిగిన చోటు మీదుగానే వెళ్తాం కాబట్టి, చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి అది చాలవచ్చు. మెకీస్‌పోర్ట్ దాటి యాకగేనీ నదిని పట్టుకున్నాకే అసలు లోయ మొదలవుతుంది. (ఇంగ్లీషులో ఈ పేరు రాసే తీరు చూసి నేను చాలా రోజులు వేరేగా పలికాను, అక్కడివాళ్ళు ముద్దుగా ‘యాక్’ అంటారు.) ఇది ఒకప్పటి బొగ్గు గనుల లోయ. ఇక్కడి డార్ గనిలో 1907 డిసెంబరు 19న జరిగిన పేలుడులో 239 మంది చనిపోయారు. పాత గనుల నుంచి కారే నీటిలోని ఇనుము వల్ల కొన్ని చోట్ల వాగు రాళ్ళు ఇప్పటికీ తుప్పు రంగులో ఉంటాయి. ఆ సంగతి తెలియక మొదటిసారి వాటిని చూసి ముచ్చటపడ్డాను.

నన్ను మళ్ళీ మళ్ళీ రప్పించేది కానెల్స్‌విల్ నుంచి కాన్‌ఫ్లుయెన్స్ వరకు ఉన్న దాదాపు 27 మైళ్ళు. ఒహాయోపైల్ దగ్గర నది మెలిక తిరిగే చోట బాట రెండు వంతెనల మీదుగా దాన్ని దాటుతుంది. కింద తెప్పల మీద నురగల్లో పడిలేస్తూ పోయే జనం కనిపిస్తారు. అయితే నది అందాల కోసం జూలైలో వచ్చేవారికి ఒక హెచ్చరిక: ఆకులు దట్టంగా ఉండే ఆ నెలల్లో నది చప్పుడు వినిపిస్తుందే తప్ప చాలా దూరం కంటికి కనిపించదు. ఆకులు ఇంకా రాని ఏప్రిల్ మొదట్లోనో, రాలిపోతున్న అక్టోబరు చివర్లోనో లోయ పూర్తిగా తెరుచుకుంటుంది. వేసవి శనివారాల్లో ఒహాయోపైల్ చుట్టుపక్కల పిల్లలూ కుక్కలూ అద్దె సైకిళ్ళూ నిండి ఉంటాయి, తొందర ఉన్నవారు ఆ రోజు మానుకోవడం మంచిది.

వాహనాలు లేని బాట అన్న మాట దాదాపు నిజమే గాని పూర్తిగా కాదు. అక్కడక్కడా రోడ్లను అడ్డంగా దాటాలి. అడవిలో గంటసేపు ఏమరుపాటుగా తొక్కివచ్చిన మనిషికి ఆ దాటడమే ప్రమాదం. అవతలి ఒడ్డున గూడ్సు రైళ్ళు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి నిశ్శబ్దం కూడా ఉండదు. కాన్‌ఫ్లుయెన్స్‌లో రాత్రి బస చేసేవారు చెవుల్లో పెట్టుకునే దూది మరచిపోకూడదు. అక్కడి నుంచి బాట కాసెల్‌మన్ నది వెంట ఎక్కుతుంది, ఆ లోయలో నా ఫోనుకు చాలాచోట్ల సిగ్నల్ అందలేదు.

మయర్స్‌డేల్ దగ్గర 1,908 అడుగుల పొడవున్న సాలిస్‌బరీ వంతెన నేలకు నూరడుగుల ఎత్తున ఉంటుంది. అడ్డంగా గాలి వీచే రోజున దాని మీద సైకిల్‌ను నిలబెట్టుకోవడమే పని. దాని తరువాత, 2,392 అడుగుల ఎత్తున, ఖండపు తూర్పు జలవిభాజకం వస్తుంది. ఆ గీతకు ఒక వైపు పడిన వాన ఒహాయో, మిసిసిపీ నదుల ద్వారా మెక్సికో గల్ఫుకు, మరో వైపు పడినది పొటోమాక్ ద్వారా అట్లాంటిక్‌కు చేరుతుంది. ఇంకొంచెం ముందు 3,294 అడుగుల బిగ్ సావేజ్ సొరంగం ఉంటుంది. లోపల దీపాలున్నా ఎండాకాలంలో కూడా చలిగా ఉండి, కళ్ళద్దాలు మసకబారతాయి. చలికాలంలో మంచు వల్ల దెబ్బతినకుండా దీని తలుపులు మూసివేస్తారు. ఒక మార్చిలో ఆ తేదీలు చూసుకోకుండా వెళ్ళి, మూసిన తలుపుల ముందు నిలబడి, చివరికి కార్లు తిరిగే కొండ రోడ్డు మీదుగా దిగవలసి వచ్చింది. ఆ రోజు ఎక్కిన ఎత్తులు మొత్తం బాట మీద ఎక్కినవాటికన్నా ఎక్కువ అనిపించాయి.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలని చాలామంది అడుగుతారు. కంబర్‌లాండ్ నుంచి బయలుదేరితే మొదటి 24 మైళ్ళలోనే ఎత్తంతా ఎక్కేసి, ఆపైన మిగిలిన దూరమంతా మెల్లగా దిగవచ్చు, లెక్క ప్రకారం సులువు అదే. నేను మాత్రం పిట్స్‌బర్గ్ నుంచే మొదలుపెడతాను, సాదాగా ఉండే నగర భాగాన్ని ముందే దాటేసి, సొరంగం బయట కొండల వరుసను చూస్తూ పెడల్ తొక్కకుండా ఫ్రాస్ట్‌బర్గ్ మీదుగా దిగడం కోసం. తిరుగు ప్రయాణానికి కంబర్‌లాండ్‌లో రైలు ఎక్కవచ్చు, కాని సైకిల్‌కు చోటు ముందుగానే బుక్ చేసుకోవాలి. ఆ చివరి దిగుడులో నడిచేవారు ఎదురవుతారు; 914 అడుగుల బ్రష్ సొరంగాన్ని పర్యాటకుల రైలుతో పంచుకోవాలి కాబట్టి రైలు చప్పుడు వినిపిస్తే బయటే ఆగాలి. వాన తరువాత ఈ సున్నపు పొడి బ్రేకు ప్యాడ్లను చాలా త్వరగా అరగదీస్తుంది, అందుకే నేను మయర్స్‌డేల్‌లో ఆగి వాటిని ఒకసారి చూసుకున్నాకే ఆ దిగుడుకు బయలుదేరతాను.