అరవై దాటిన అమ్మకు ఏ పరీక్ష మేలు: పాప్ స్మియరా, హెచ్‌పీవీనా?

"అమ్మకు 62 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఇంతవరకూ ఒక్కసారి కూడా చేయించుకోలేదు. ఇప్పుడు పాప్ స్మియర్ సరిపోతుందా, హెచ్‌పీవీ టెస్టే చేయించాలా?" కూతుళ్లు, కోడళ్లు ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. పాప్ అంటే ముఖద్వారం నుంచి బ్రష్‌తో కణాలు తీసి మైక్రోస్కోప్ కింద చూడటం. హెచ్‌పీవీ టెస్టు అంటే ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందేమో చూడటం. హైదరాబాద్‌లో పెద్ద ల్యాబ్‌లు రెండూ చేస్తాయి. హెచ్‌పీవీ ధర పాప్ కంటే బాగా ఎక్కువ కావడంతో చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. అయినా అరవై దాటినవారికి నేను హెచ్‌పీవీనే చెబుతాను. ఈమధ్య మా అత్తయ్యగారికి కూడా అదే చేయించాం.

కారణం వయసుతో శరీరంలో వచ్చే మార్పు. ముఖద్వారం దగ్గర రెండు రకాల కణాలు కలిసే అంచు ఒకటుంటుంది. ఈ క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. వయసులో ఉన్నప్పుడు ఆ అంచు పరీక్షలో కంటికి కనిపిస్తుంది. నెలసరి ఆగాక మెల్లగా లోపలికి జరిగిపోతుంది. అందుకే ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్ల మచ్చల కోసం చూసే వీఐఏ పద్ధతి ఈ వయసువారికి నప్పదు. ముప్పై, నలభై ఏళ్లవారికైతే నిరభ్యంతరంగా చేయించవచ్చు. అరవైల్లో మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

పాప్ కొంత నయం, బ్రష్ లోపలికి వెళ్తుంది కాబట్టి. కానీ ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి పొర పలచబడ్డాక కణాలు సరిపడా రాకపోవచ్చు. వచ్చినవి కూడా జబ్బు లేకుండానే మైక్రోస్కోప్ కింద అనుమానంగా కనిపించవచ్చు. అప్పుడు కొన్ని వారాలు ఈస్ట్రోజెన్ క్రీమ్ వాడించి మళ్లీ శాంపిల్ తీయాల్సి వస్తుంది. "ఇద్దరు పిల్లల్ని కన్నాను, మనవలు పుట్టారు, ఇప్పుడు నాకీ పరీక్షలెందుకే" అనే అమ్మను మొదటిసారి తీసుకెళ్లడమే కష్టం. రెండోసారి వస్తుందా? నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఆవిడ ఒక్కసారే వస్తుందనుకుని, ఆ ఒక్కసారికే ఎక్కువ భరోసా ఇచ్చే పరీక్ష ఎంచుకోవాలి.

హెచ్‌పీవీ టెస్టు కణాల ఆకారాన్ని చూడదు, వైరస్ ఉందో లేదో చూస్తుంది. ఒక్కసారి పరీక్షకు ఎంత విలువుందో మన దేశంలోనే తేలింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో 30-59 ఏళ్ల మహిళలు 1.3 లక్షల మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన వర్గంలో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 34. ఏ పరీక్షా చేయని, దాదాపు అంతే పెద్దదైన వర్గంలో 64. ఒక్కసారి పాప్ లేదా వీఐఏ చేసిన వర్గాల్లో అంత తగ్గుదల కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు కూడా హెచ్‌పీవీకే మొదటి స్థానం ఇచ్చాయి. నెగటివ్ వస్తే మళ్లీ 5 నుంచి 10 ఏళ్ల తర్వాతే.

ఇంకో సౌకర్యం, శాంపిల్ ఆవిడే స్వయంగా తీసుకోవచ్చు. బల్లమీద పడుకుని పరికరం పెట్టించుకోవాలంటే సిగ్గు, నొప్పి భయం ఉన్నవారికి ఇది పెద్ద ఊరట. అన్ని ల్యాబ్‌ల్లో ఈ కిట్ ఉండదు, ముందే ఫోన్ చేసి అడగండి.

పాజిటివ్ వస్తే? క్యాన్సర్ ఉన్నట్టు కాదు. ఇంట్లో ముందే చెప్పి ఉంచాల్సిన మాట ఇంకొకటుంది: లైంగిక సంబంధం ద్వారా సోకే ఈ వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి, వయసు మీరాక కనిపించవచ్చు. భర్త పోయి పదిహేనేళ్లయిన ఆవిడకు కూడా పాజిటివ్ రావచ్చు. దాన్ని బట్టి ఆవిడ నడవడి మీద గానీ, పోయినాయన మీద గానీ ఎవరూ ఒక్క మాట అనకూడదు. పాజిటివ్ అయితే పాప్, అవసరాన్ని బట్టి కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో పెద్దదిగా చూడటం) చేస్తారు. ఖర్చు టెన్షన్ ఉన్నవారికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

పాప్‌కు చోటు లేదని కాదు. క్రమం తప్పకుండా చేయించుకుంటూ, అన్నీ నార్మల్‌గా వస్తున్నవారు దాన్నే కొనసాగించవచ్చు. డబ్బు అంతకే సరిపోతే, ఏదీ చేయించకపోవడం కంటే పాప్ చేయించడం ఎంతో మేలు. రెండూ కలిపి చేసే కో-టెస్ట్ అడుగుతున్నారు. హెచ్‌పీవీ ఒక్కటి చేయించాక దానివల్ల అదనంగా వచ్చే లాభం తక్కువ.

నెలసరి ఆగిపోయాక రక్తం కనిపిస్తే మాత్రం, ఒక్క మరకైనా సరే, ఏ టెస్టు మేలని ఆలోచిస్తూ కూర్చోకండి. నేరుగా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. పాత రిపోర్టు నెగటివ్ అయినా వెళ్లాల్సిందే.

ఇక గర్భసంచి తీసేసినవారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్నా ఎక్కువే. ముఖద్వారంతో సహా తీసేసి, అంతకుముందు క్యాన్సర్ గానీ దాని ముందు దశ మార్పులు గానీ లేకపోతే ఏ పరీక్షా అక్కర్లేదు. కొందరికి ముఖద్వారం ఉంచి పై భాగమే తీస్తారు, వారికి పరీక్ష కావాలి. పాత డిశ్చార్జి కాగితం వెతకండి. అది దొరక్కపోతే గైనకాలజిస్టు ఒకసారి పరీక్షించి ముఖద్వారం ఉందో లేదో చెప్పేస్తారు.