పిల్లలకు అంతరిక్షం పుస్తకం: ఫోటోలదా, బొమ్మలదా? ఏది మేలు?

ఆరేడేళ్ల పిల్లల కోసం అంతరిక్షం మీద పుస్తకం కొనబోతే షాపులో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి నున్నటి కాగితం మీద పేజీ నిండా టెలిస్కోపు ఫోటోలు అచ్చేసిన పెద్ద పుస్తకం. రెండోది చిత్రకారులు గీసిన బొమ్మలతో నడిచేది. బరువూ, ధరా చూస్తే మొదటిదే గొప్పగా అనిపిస్తుంది. కానీ ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు ముందు కొనాల్సింది బొమ్మల పుస్తకమే.

పిల్లలు అడిగేవి చాలావరకు "ఎందుకు", "ఎలా" ప్రశ్నలు. చంద్రుడు రోజుకో ఆకారంలో ఎందుకుంటాడని అడిగితే, ఎనిమిది చంద్రుళ్ల ఫోటోలు వరసగా పెట్టినా జవాబు దొరకదు. సూర్యుడు ఏ వైపున ఉన్నాడో, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఒకే బొమ్మలో గీసి చూపాలి. రాకెట్ సంగతీ అంతే. చంద్రయాన్-3ని 2023 జులై 14న శ్రీహరికోట నుంచి మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ ఫోటోలో నిప్పూ, పొగే కనిపిస్తాయి. నిలువునా కోసినట్టు గీసిన బొమ్మలో అయితే పక్కన రెండు ఘన ఇంధన బూస్టర్లు, మధ్యలో ద్రవ ఇంధన దశ, పైన క్రయోజెనిక్ (అతి చల్లటి ఇంధనంతో నడిచే) దశ, ఏది ఎప్పుడు విడిపోతుందో వేలు పెట్టి చూపించవచ్చు.

ఫోటోల్లో ఇంకో చిక్కుంది. అవి నిజమేనని పిల్లలు పూర్తిగా నమ్ముతారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసేది ఎక్కువగా మన కంటికి కనపడని పరారుణ కాంతి. ఆ చిత్రాల్లోని రంగులు శాస్త్రవేత్తలు తర్వాత కేటాయించినవి. నెప్ట్యూన్ ముదురు నీలమని అందరికీ ముద్రపడిపోయింది కదా, అది 1989లో వాయేజర్-2 వ్యోమనౌక పంపిన చిత్రాల్లో వివరాలు తెలియడానికి రంగు పెంచడం వల్ల వచ్చిందే. అసలు రంగు యురేనస్‌కు దగ్గరగా ఉండే లేత ఆకుపచ్చ నీలమని 2024లో వచ్చిన పరిశోధన తేల్చింది. మంచి ఫోటో పుస్తకమైతే ఫోటో కింద రంగుల గురించి ఒక మాట రాస్తుంది. ఆ మాట లేని పుస్తకం గోడకు అతికించే పోస్టర్లకే పనికొస్తుంది.

అలాగని బొమ్మల పుస్తకాలన్నీ నమ్మదగ్గవి కావు. కొనేముందు రుతువుల పేజీ తీసి చూడండి. భూమి తిరిగే దారిని కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు. ఆ బొమ్మ చూసిన పిల్లలు సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అనుకుంటారు. నిజానికి ఆ దారి దాదాపు గుండ్రం. భూమి సూర్యుడికి అతి దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చేది జనవరి మొదటి వారంలో, మన దగ్గర సంక్రాంతి ముందు చలిలో. అతి దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్లకు వెళ్లేది జులైలో. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడాన్ని, ఎండ నిటారుగానో ఏటవాలుగానో పడడాన్ని బొమ్మలో చూపకపోతే ఆ పుస్తకం వద్దు.

కొలతల విషయంలో మాత్రం కాస్త ఉదారంగా ఉండాలి. భూమిని 1 సెంటీమీటరు గీస్తే చంద్రుణ్ని 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. సూర్యుడు మీటరు దాటిన గోళమై దాదాపు 117 మీటర్ల అవతల ఉంటాడు. ఏ పేజీలోనూ పట్టదు. "ఈ బొమ్మలో దూరాలు కొలత ప్రకారం లేవు" అని రాసి ఉంటే చాలు. నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం గీసిన పుస్తకాన్ని మాత్రం క్షమించలేం. అక్కడున్నది చంద్రుడి చీకటి భాగం. దాని గుండా వెనకున్న నక్షత్రం కనపడదు.

పుస్తకం ఎంత పాతదో ముద్రణ వివరాల పేజీ చెబుతుంది. అయితే పునర్ముద్రణ సంవత్సరం చూసి మోసపోకండి, లోపలి విషయం మార్చకుండానే మళ్లీ అచ్చేస్తారు. ప్లూటో తొమ్మిదో గ్రహంగా ఉంటే ఆ సమాచారం 2006కు ముందుది. శనికి 82 ఉపగ్రహాలంటే 2019 తర్వాతి లెక్క. 2025 మార్చిలో ఆ సంఖ్య 274కు చేరింది.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఈ గొడవేమీ అక్కర్లేదు. అట్ట పేజీలు, తెరిచి చూసే మూతలు ఉన్నవి చాలు. మూతలు మడత దగ్గరే చిరుగుతాయి, కాబట్టి పలచటి కాగితం మూతలున్నది తీసుకోవద్దు.

నక్షత్ర పటాల పుస్తకం పదేళ్లు వచ్చాక మంచిదే, కానీ ఏ అక్షాంశానికి గీశారో చూసుకోవాలి. లండన్ ఆకాశానికి గీసిన పటంలో ధ్రువ నక్షత్రం సగం ఎత్తుకు మించి ఉంటుంది. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తులోనే, చాలాచోట్ల మేడల వెనక. చలికాలం రాత్రుల్లో దక్షిణాన మనకు మెరిసే అగస్త్య నక్షత్రం ఆ పటంలో అసలుండదు. విదేశాల్లో ఉండే మేనల్లుడికో మనవరాలికో ఇక్కడ కొని పంపినా ఇదే తిరకాసు ఎదురవుతుంది.

బైండింగ్ చూడడానికి పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరవండి. గమ్ బైండింగ్ అయితే రెండు పేజీల మీద పరిచిన గురుగ్రహం నడుమ సందులోకి పోతుంది, నాలుగుసార్లు బలంగా తెరిస్తే పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగ్ ధర ఎక్కువైనా బల్ల మీద పరుచుకుని ఉంటుంది.

ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో చదివి వినిపించేట్టయితే తెలుగు పుస్తకమే కొనండి. 'మంచి పుస్తకం', జన విజ్ఞాన వేదిక, నేషనల్ బుక్ ట్రస్ట్ అనే సంస్థలు పిల్లల సైన్స్ పుస్తకాలను తెలుగులో వేస్తున్నాయి. తళుకు తక్కువున్నా పెద్దవాళ్లు తడుముకోకుండా చెప్పగలుగుతారు. ఫోటోలు కావాలంటే నాసా, ఇస్రో వెబ్‌సైట్లలో డబ్బు కట్టకుండానే చూడొచ్చు.