హన్మకొండలో గర్భిణుల షుగర్ పరీక్ష: ఒక ల్యాబ్ అనుభవం

చెల్లెలికి 25వ వారం రాగానే షుగర్ పరీక్ష కోసం హన్మకొండలోని ఒక ల్యాబ్‌కు తీసుకువెళ్లాను. కౌంటరులోని అమ్మాయి ఆమెను ఎగాదిగా చూసి, "సన్నగనే ఉన్నరు కదక్కా, మీకెందుకు?" అన్నది. ఈ మాట ఎవరూ అనకూడదు. బ్రిటన్ మార్గదర్శకాలు సైతం బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక) 30 దాటినవారితో పాటు, షుగర్ ఎక్కువగా కనిపించే జాతుల స్త్రీలకు బరువుతో నిమిత్తం లేకుండా ఈ పరీక్ష చేయాలంటాయి. మన దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది కనుక, ఆసియా ప్రజలు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. మన దేశంలోనైతే గర్భిణులందరికీ పరీక్ష చేయాలన్నదే నియమం.

పరీక్ష మాత్రం శ్రద్ధగా చేశారు. 75 గ్రాముల గ్లూకోజును మా కళ్ల ముందే 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, గడ్డలు లేకుండా చెంచాతో తిప్పి, మెల్లగా తాగమన్నారు. అరగంటలోపు వాంతి అయితే మరునాడు ఉచితంగా మళ్లీ చేస్తామని ముందే చెప్పి, తాగిన సమయాన్ని చీటీపై రాసి, సరిగ్గా రెండు గంటలకు రక్తం తీశారు. గర్భిణులు అంతసేపు కూర్చోవడానికి ఉన్నది ఒకే ఇనుప బెంచీ. దీనిని తప్పక మార్చాలి.

నలభై తొమ్మిది కిలోల మా చెల్లెలికి 146 వచ్చింది, హద్దు 140. రిపోర్టు ఇస్తూనే, ఈ రోజే డాక్టరమ్మకు చూపించండని టెక్నీషియన్ రెండుసార్లు చెప్పారు.