ఏది మేలు: సెన్సస్ కాగితాలా, ఓడ జాబితాలా, చర్చి రిజిస్టర్లా?

19వ శతాబ్దంలో జర్మనీ వదిలి అమెరికాలో స్థిరపడ్డ ఒక కుటుంబం ఆచూకీ తీయాలంటే ముఖ్యంగా మూడు దారులున్నాయి. పదేళ్ళకోసారి తీసిన జనాభా లెక్కలు ఒకటి, ఓడల్లో దిగినవాళ్ళ జాబితాలు రెండోది, చర్చి రిజిస్టర్లు మూడోది. పౌరసత్వ కాగితాలూ ఉన్నాయి గానీ, వాటి సంగతి తర్వాత. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ముందు ఓడ కోసం పరిగెడతారు. ఓడ పేరు, దిగిన తేదీ తెలిస్తే కథంతా తెలిసిపోతుందని ఆశ. నన్నడిగితే ఓడ చివర చూడాల్సింది. ముందు సెన్సస్, అందులోనూ 1900 నాటిది.

ఎందుకో తెలియాలంటే, అసలు మనకు ఏం దొరకాలో ముందు తేల్చుకోవాలి. ఆ రోజుల్లో జర్మన్ల పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు చాలాచోట్ల ఆ ఊరి చర్చిలోనే రాసేవారు. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ దేశమంతటా వచ్చింది 1876లోనే. కాబట్టి ఊరి పేరు తెలియకపోతే అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. "జర్మనీ నుంచి వచ్చారు" అని తెలిస్తే ఏమీ తెలియనట్టే లెక్క. 1871కి ముందు ఆ పేరుతో ఒకే దేశం కూడా లేదు. ప్రష్యా, బవేరియా, బాడెన్, వ్యుర్టెంబర్గ్, హానోవర్, బ్రన్స్‌విక్ అంటూ ఎవరి రాజ్యం వాళ్ళది. వేటంతా ఒక్క ఊరి పేరు కోసమే. ఆ పేరును సెన్సస్ దాదాపు ఎప్పుడూ చెప్పదు. అయినా దానితోనే మొదలుపెట్టమంటున్నాను.

అమెరికా ఫెడరల్ సెన్సస్, అంటే దేశం మొత్తానికి తీసే లెక్క, 1790 నుంచి ఉంది గానీ, 1840 దాకా అందులో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది. మిగిలినవాళ్ళు వయసుల వారీ గళ్ళలో అంకెలు మాత్రమే. బ్రూక్లిన్ వంతెన రూపశిల్పి జాన్ రోబ్లింగ్ 1831లో ప్రష్యా నుంచి వచ్చి పెన్సిల్వేనియాలో సాక్సన్‌బర్గ్ అనే ఊరు కట్టుకున్నాడు. ఆ వంతెనను పూర్తిచేసిన కొడుకు వాషింగ్టన్ అక్కడే 1837లో పుట్టాడు. అంత పేరున్నవాడు కూడా 1840 లెక్కల్లో "అయిదేళ్ళలోపు మగపిల్లలు" అనే గడిలో ఒక అంకెగానే ఉండాలి. బానిస కాని ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది. పేరుతో పాటు వయసు, వృత్తి, పుట్టిన చోటు. 1860లోనూ 1870లోనూ జర్మన్లకు ఉత్త "జర్మనీ" అని కాకుండా ఏ రాజ్యమో రాయమని గుమాస్తాలకు చెప్పారు. చెప్పినట్టు రాసినచోట అది బంగారమే. కాకపోతే ఒక చిక్కుంది. హానోవర్‌ను ప్రష్యా 1866లో కలిపేసుకుంది. అందుకని 1860లో "హానోవర్" అని ఉన్నవాడు 1870లో "ప్రష్యా" వాడయిపోవచ్చు. వేరే మనిషేమోనని కొట్టేయకండి.

ఆ పాత సెన్సస్‌లలో ఏ ఏట వచ్చారని అడగలేదు. అయినా పిల్లల వరస చూస్తే అది తెలిసిపోతుంది. 1870లో ఒక ఇంట్లో ఆరేళ్ళవాడు ప్రష్యాలో, మూడేళ్ళ పిల్ల విస్కాన్సిన్‌లో పుట్టారని ఉంటే, ఆ కుటుంబం 1863కీ 1867కీ మధ్య సముద్రం దాటినట్టే. మధ్యలో ఇంకొకడు ఒహాయోలో పుట్టి ఉంటే, తిన్నగా విస్కాన్సిన్‌కు రాలేదని కూడా తెలుస్తుంది. ఓడ జాబితాలో ఏ నాలుగేళ్ళు చూడాలో సెన్సస్ ఇలా చెబుతుంది. అది చేతిలో లేకుండా జాబితాలు తిరగేయడం గడ్డివాములో సూది వెతకడమే.

లెక్కలు ఏ తేదీ నాటివో కూడా చూసుకోవాలి. పియానోల స్టైన్‌వే కుటుంబం, అప్పటికింకా స్టైన్‌వెగ్, బ్రన్స్‌విక్ రాజ్యంలోని జేజెన్ నుంచి బయల్దేరి 1850 జూన్ చివర్లో న్యూయార్క్‌లో దిగింది. ఆ ఏటి సెన్సస్ జూన్ 1 నాటి లెక్క. గుమాస్తా ఆగస్టులో వచ్చి తలుపు కొట్టినా, నిబంధన ప్రకారం వాళ్ళను రాయకూడదు. ఇలాంటివాళ్ళకు తర్వాతి ఆసరా 1855 నాటి న్యూయార్క్ రాష్ట్ర సెన్సస్. ఆ ఊళ్ళో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, ఇంటి పెద్దకు ఏమవుతారు అని కూడా అందులో అడిగారు. చుట్టరికం అడగడం ఫెడరల్ వాళ్ళకు 1880లో గానీ తోచలేదు. రాష్ట్ర సెన్సస్‌లను జనం ఊరికే వదిలేస్తారు. విస్కాన్సిన్, అయోవా, మిన్నెసోటా, కాన్సస్ లాంటి జర్మన్లు ఎక్కువున్న కొన్ని రాష్ట్రాలకు అవి ఉన్నాయి. 1925 నాటి అయోవా లెక్కల్లోనైతే తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది.

1890 నాటి కాగితాలు దాదాపు లేవు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో అగ్నిప్రమాదం జరిగి కొన్ని కాలాయి, కొన్ని నీళ్ళకు తడిసి పాడయ్యాయి. మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే నాశనం చేయించింది. జర్మన్ల రాకలో పెద్ద కెరటం 1880లలోనే వచ్చింది, ఒక్క 1882లోనే సుమారు రెండున్నర లక్షల మంది. సరిగ్గా వాళ్ళను మొదటిసారి లెక్కపెట్టిన కాగితాలే పోయాయి.

ఇక 1900. దీన్ని దగ్గరగా చూడాలి. విస్కాన్సిన్‌లో ఒక రైతు ఇంటి వరస ఇలా ఉందనుకుందాం. యజమాని పుట్టింది 1847 సెప్టెంబరు, వయసు 52, పెళ్ళయి 27 ఏళ్ళు. తానూ తల్లీ తండ్రీ పుట్టింది జర్మనీ. వచ్చింది 1872. పక్కన "ఎన్ఏ" అనే రెండక్షరాలు. రైతు, ఇల్లు సొంతం, తాకట్టులో ఉంది. కింద భార్య: వచ్చింది 1872లోనే, కన్న పిల్లలు 9, బతికున్నవాళ్ళు 6. ఆ కింద ఇంట్లో ఉన్న పిల్లలు నలుగురు.

ఈ కాస్తలోంచి ఎంత లాగొచ్చో చూడండి. పెళ్ళి 1873 ప్రాంతంలో, అంటే ఇద్దరూ అమెరికా వచ్చాక. కాబట్టి ఆ పెళ్ళి ఇక్కడి కౌంటీ (జిల్లా) ఆఫీసులోనో చర్చిలోనో నమోదై ఉండాలి. "ఎన్ఏ" అంటే పౌరసత్వం వచ్చింది, ఏదో కోర్టులో కాగితాలుంటాయి. "పీఏ" అని ఉంటే మొదటి కాగితాలు, అంటే పౌరసత్వం కోరుతున్నానని ఇచ్చే తొలి ప్రకటన, మాత్రమే వేసినట్టు, "ఏఎల్" అంటే ఇంకా పరాయివాడే. తాకట్టు ఉందంటే కౌంటీలో దస్తావేజు ఉండాలి. బతికున్న ఆరుగురిలో ఇద్దరు ఇంట్లో లేరు, బహుశా వేరే కాపురాలు పెట్టుంటారు. పోయిన ముగ్గురు 1880కీ 1900కీ మధ్య పుట్టి పోయినవాళ్ళయితే, ఇప్పుడు దొరికే ఏ ఫెడరల్ సెన్సస్‌లోనూ వాళ్ళ పేరుండదు. వాళ్ళున్నారనడానికి సెన్సస్‌లో ఆ 9 అనే అంకె ఒక్కటే సాక్ష్యం. పేర్లు కావాలంటే చర్చివాళ్ళ బాప్తిస్మాల, ఖననాల పుస్తకమే గతి. ఓడ జాబితా ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పదు.

సెన్సస్‌ను కళ్ళు మూసుకుని నమ్మమని కాదు. వచ్చిన సంవత్సరం 1900లో ఒకటి, 1910లో ఒకటి, 1920లో ఇంకొకటి ఉండడం మామూలే. గుమాస్తా వచ్చినప్పుడు జవాబు చెప్పింది ఎవరో మనకు తెలియదు. పక్కింటావిడ కావచ్చు, పన్నెండేళ్ళ పిల్లాడు కావచ్చు. చెప్పినవాళ్ళ పేరు పక్కన గుర్తు పెట్టడం 1940లో గానీ రాలేదు. పేర్ల గొడవ మరీ పెద్దది. జర్మన్లకు బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఒకటి. అన్నదమ్ములందరికీ ముందు యోహాన్ తగిలించి, రెండో పేరుతో పిలుస్తారు. చర్చిలో యోహాన్ హైన్రిష్, సెన్సస్‌లో హెన్రీ, ఓడలో ఉత్త యోహాన్, ముగ్గురూ ఒకడే. మ్యుల్లర్ మిల్లర్ అవుతాడు, కోఖ్ కుక్ అవుతాడు. న్యూయార్క్ రేవులో వలసవచ్చినవాళ్ళను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు పేర్లు మార్చేశారని ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది, అది నిజం కాదు. అక్కడివాళ్ళు ఓడ కంపెనీ తెచ్చిన జాబితాతో సరిచూసుకునేవాళ్ళంతే. పైగా ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో. 1882లో న్యూయార్క్‌లో దిగినవాళ్ళు అడుగుపెట్టింది దానికి ముందున్న కేంద్రం కాసిల్ గార్డెన్‌లో.

ఇప్పుడు ఓడల దగ్గరికి వద్దాం. అమెరికా రేవుల్లో కెప్టెన్లు ప్రయాణికుల జాబితా ఇవ్వడం 1820 నుంచి ఉంది. అందులో ఏముంటుంది? పేరు, వయసు, ఆడా మగా, వృత్తి, ఏ దేశం, ఎక్కడికి. పాతికేళ్ళ రైతు, పేరు యోహాన్ ష్మిట్, దేశం జర్మనీ, వెళ్ళేది అమెరికా. అలాంటివాళ్ళు ఎందరో. వాళ్ళలో మనవాడెవడో ఎలా తేలుస్తారు? పెళ్ళాం పిల్లలతో వస్తే వయసుల వరస సెన్సస్‌తో సరిపోల్చి పట్టుకోవచ్చు. ఒంటరిగా వచ్చిన కుర్రాడైతే చాలాసార్లు అది ఊహే అవుతుంది.

చిత్రం ఏమిటంటే, 1860–1911 మధ్య మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు గిరిమిట్ కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ ఓడ జాబితాల్లో తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఒప్పందానికి కట్టేసి తీసుకెళ్ళారు కాబట్టి అంత వివరం రాసుకున్నారు. టికెట్ కొనుక్కుని వచ్చిన జర్మన్ రైతు ఊరు న్యూయార్క్ కస్టమ్స్ వాళ్ళకెందుకు?

దీనికి ఒక గొప్ప మినహాయింపు హాంబర్గ్. అక్కడ ఓడ ఎక్కేటప్పుడు రాసిన జాబితాలు 1850 నుంచి 1934 దాకా, మొదటి ప్రపంచ యుద్ధ కాలం తప్ప, దక్కాయి. వాటిలో సొంతూరు రాశారు. మనవాళ్ళు హాంబర్గ్‌లో ఎక్కి ఉంటే నేను చెప్పే వరసంతా పక్కనపెట్టి ముందు అదే చూడండి. కానీ చాలామంది ఎక్కింది బ్రెమెన్‌లో. అక్కడివాళ్ళు స్థలం చాలదని పాత జాబితాలు పారేశారు, మిగిలినవి రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. 1920–1939 మధ్యవి కొన్ని మాత్రం ఉన్నాయి. నైరుతి జర్మనీ వాళ్ళు ఎక్కువగా ఫ్రాన్సులోని లె హావ్ర్ మీదుగా వచ్చారు కాబట్టి, వాళ్ళకు హాంబర్గ్ వల్ల లాభం తక్కువ.

పౌరసత్వ కాగితాలకు 1906 సెప్టెంబరు విభజన రేఖ. అంతకుముందు ఏ కోర్టులోనైనా వేసేవారు, "ప్రష్యా రాజుకు విధేయత వదులుకుంటున్నాను" అని తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఆ తర్వాతి ఫారాల్లో పుట్టిన ఊరు, తేదీ, ఓడ పేరు అన్నీ ఉంటాయి. 1910 సెన్సస్‌లో "ఏఎల్" అని ఉండి 1920లో "ఎన్ఏ" అయినవాడు దొరికితే పండగే. భార్యలకు 1922 దాకా మొగుడి పౌరసత్వమే వర్తించేది కాబట్టి, అంతకుముందు పెళ్ళయిన ఆడవాళ్ళకు విడిగా కాగితాలు దొరకడం అరుదు.

మరి ఊరి పేరు ఎక్కువగా దొరికేది ఎక్కడ? అమెరికాలోని జర్మన్ చర్చిలో. మిల్వాకీలోనో, సిన్సినాటిలోనో, సెయింట్ లూయిస్‌లోనో లూథరన్ పాస్టరు గానీ క్యాథలిక్ ఫాదర్ గానీ పెళ్ళి రాసేటప్పుడు వరుడు ఎక్కడివాడో, ఎవరి కొడుకో జర్మన్‌లో రాసుకునేవాడు. అలాంటి ఊళ్ళ పేర్లు ఆయనకు అలవాటే కాబట్టి, ఇంగ్లిష్ గుమాస్తా కంటే బాగా రాశాడు. మనిషి పెళ్ళిలో లేకపోతే ఖననం దగ్గర, అక్కడా లేకపోతే పిల్లల బాప్తిస్మంలో సాక్షుల పేర్ల దగ్గర చూడాలి. సాక్షులు తరచుగా అదే ఊరివాళ్ళు. సెన్సస్‌లో కూడా అందుకే మన ఇంటికి ముందు రెండు పేజీలు, వెనక రెండు పేజీలు చదవమంటారు. ఒక ఊరివాళ్ళు ఒకచోటే భూములు కొనుక్కునేవారు. మనవాడి ఊరు దొరక్కపోయినా పక్క పొలంవాడి ఊరు దొరికితే దారి తెరుచుకుంటుంది.

చర్చి రిజిస్టర్లకున్న కష్టం చేతిరాత. పాత జర్మన్ లిపి అలవాటు లేనివాళ్ళకు ఒక పేజీ చదవాలంటే పూటంతా పడుతుంది. అన్నీ ఆన్‌లైన్‌లో ఉండవు కూడా. సెన్సస్‌కు ఆ బాధ లేదు. 72 ఏళ్ళు దాటినవన్నీ బయటపెట్టేస్తారు, 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న వచ్చాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే పైసా ఖర్చు లేదు. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీల్లో యాన్సెస్ట్రీ అనే చందా సైట్ కూడా ఉచితంగా వాడుకోనిస్తారు. డబ్బు కట్టేముందు లైబ్రరీలో అడగండి. జర్మనీ వైపు చర్చి పుస్తకాలకు ఆర్కియోన్ అనే సైట్‌కు చందా కట్టాలి, అక్కడివి ప్రొటెస్టెంట్లవి. క్యాథలిక్కులవి చాలా మాట్రికులా అనే సైట్‌లో ఉచితం.

కాబట్టి నా వరస ఇది. 1900 సెన్సస్‌లో ఇల్లు పట్టుకోండి. అక్కడి నుంచి వెనక్కి 1880, 1870, దొరికితే రాష్ట్ర సెన్సస్‌లు, ముందుకు 1910, 1920. 1920లో మాత్రం జర్మనీలో పుట్టినవాళ్ళకు రాష్ట్రమో నగరమో కూడా రాయమన్నారు, అది వదలొద్దు. ఆ ఇంటికి దగ్గర్లోని జర్మన్ చర్చి ఏదో తేల్చుకుని దాని పుస్తకాలు వెతకండి. ఓడ అప్పుడు.

ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ వాళ్ళకు మాత్రం ఈ వరస తిరగబడుతుంది. అమెరికా సెన్సస్‌లో పుట్టిన చోటు అలా రాసి ఉంటే మీ అదృష్టం. అక్కడి రెండు రాజ్యాల్లో ఒకటైన మెక్లెన్‌బర్గ్-ష్వెరిన్‌లో 1819లోనూ 1867లోనూ మనుషుల పేర్లతో తీసిన జనాభా లెక్కలు దక్కాయి. 1867 నాటివాటిని ఆన్‌లైన్‌లో ఇంటిపేరుతో రాజ్యమంతా వెతకొచ్చు. ఆ తర్వాత ఓడ ఎక్కినవాళ్ళయితే ఇల్లంతా ఒకే కాగితం మీద, ఏ ఊళ్ళో ఉండగా లెక్కపెట్టారో ఆ ఊరి పేరుతో సహా దొరుకుతుంది.